మంచం వాల్చే వేళ

మా ఇంటి నవారు మంచం 1969 నాటిది. లక్సెట్టిపేట బడిలో లెక్కల టీచరుగా చేరిన ఆ ఏడాదే చేయించుకున్నాను. టేకు కోళ్లు, టేకు పట్టెలు, తెల్లటి నవారుకు రెండు అంచుల్లోనూ నీలం గీత. ఏటా ఎండలు ముదరకముందే నవారు విప్పి, గోదావరిలో ఉతికి, ఇసుక మీద ఆరేసేదాన్ని. తడి నవారు ఇసుక మీద పొడుగ్గా పరుచుకుని ఉంటే, ఏటి నుంచి ఇంకో సన్నటి పాయ చీలి ఊరివైపు బయలుదేరినట్టు కనిపించేది. ఆ పాయ నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. దాని వెంట నడుస్తూ పోతాను. ఇల్లు రాకముందే మెలకువ వస్తుంది.

ఆ మంచం పడుకోవడానికి మాత్రమే ఉండేది కాదు. ఎవరు గడప తొక్కినా ముందు మంచం వాల్చాలి. నీళ్లు, మాటలు ఆ తర్వాత. ఎండుమిరపకాయలు దాని మీదే ఆరేవి. సాయంత్రం ట్యూషన్‌కు వచ్చిన పిల్లలు దాని మీదే కూర్చుని ఎక్కాలు చదివేవారు. ఎవరికైనా జ్వరం వచ్చినా, చుట్టం వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నా అదే మంచం. మా వైపు ఏ ఇంట చూసినా ఇంతే. మంచం అంటే సగం ఇల్లు.

మా అమ్మాయి నిద్ర సంగతి చెప్పాలంటే ఆ మంచం దగ్గరే మొదలుపెట్టాలి. 1974 వానాకాలంలో పుట్టింది. ఒక్కతే బిడ్డ. ఊహ తెలిసినప్పటి నుంచి ఒకచోట నిలిచింది లేదు. అన్నం ముందు కూర్చుని సగంలో లేచి పోయేది. పెన్ను బోరింగు దగ్గర, పలక పక్కింట్లో, చెప్పు ఒకటి బడిలో, ఒకటి బాటలో. మొదలుపెట్టిన మాట పూర్తికాకుండానే ఇంకో మాటలోకి దూకేది. అట్లాంటి పిల్లల తీరుకు ఏడీహెచ్‌డీ అని పేరుందని చాలా ఏళ్ల తర్వాత తనే ఎక్కడో చదివి నాకు చెప్పింది. ఆ రోజుల్లో మాకు ఆ పేరు తెలియదు. చిత్తం నిలవని పిల్ల అనేవాళ్లం.

పగలు ఎట్లాగో గడిచేది. రాత్రి గడిచేది కాదు. అన్నం తిన్నాక దీపం ఆర్పి, ఆమెను పక్కన వేసుకుని పడుకునేదాన్ని. ఒళ్లు అలిసి కాళ్లు బరువెక్కి ఉండేవి, కళ్లు మాత్రం చీకట్లో మెరుస్తుండేవి. ఎందుకు పడుకోవే అంటే, కళ్లు మూసుకుంటే తలకాయలో అంగడి లేస్తుందని చెప్పేది. ఆ అంగడిలో అన్నీ అమ్మకానికి వచ్చేవట. బోరింగు దగ్గర మరిచిన పెన్ను, చలికాలంలో గోదావరి ఎందుకు పచ్చగా ఉంటుందనే ప్రశ్న, మధ్యాహ్నం ఎవరో అన్న మాట, అన్నిటికన్నా పెద్ద గొంతుతో వాళ్ల బాపు.

మా ఆయన 1982లో మస్కట్ పోయారు. అక్కడ కరెంటు పని. ఉత్తరాలు రాయడం ఆయనకు చేతకాదు. మొదటి సెలవులో ఒక టేప్‌రికార్డర్ తెచ్చి ఇంట్లో పెట్టారు. అప్పటి నుంచి మాకు ఉత్తరాలన్నీ క్యాసెట్లే. ఊళ్లోకి ఎవరు సెలవు మీద వచ్చినా సంచిలో మాకొక క్యాసెట్ ఉండేది, వాళ్లు తిరిగి పోయేటప్పుడు మా జవాబు వాళ్ల సంచిలో పోయేది. ఆ క్యాసెట్లలో ఆయన గొంతు వెనకాల ఏసీ మోత, గదిలో ఎవరో పళ్లెం కడుగుతున్న చప్పుడు, దూరంగా సముద్రమో మోటార్లో తెలియని ఒక హోరు. మా అమ్మాయి టేప్‌రికార్డర్‌ను దిండు పక్కన పెట్టుకుని, సౌండు బాగా తగ్గించి, ఆ హోరులోకి చెవి పెట్టి పడుకునేది. బ్యాటరీలు అయిపోతాయని క్యాసెట్‌ను పెన్సిల్‌తో వెనక్కి తిప్పేది. చీకట్లో ఆ పెన్సిల్ తిరిగే కిరకిర వింటూ నేను నిద్రపోయేదాన్ని. ఆమె పోయేది కాదు.

తెల్లారి లేపడం ఒక యుద్ధం. బడిలో ప్రార్థన దగ్గర నిలబడే నిద్రపోయేది. అదే బడిలో నేను టీచర్ని కనుక చెప్పేవాళ్లు నాకే చెప్పేవారు. నేను లెక్క వేసుకున్నాను. ఆ వయసు పిల్లకు తొమ్మిది గంటల నిద్ర కావాలి, పొద్దున ఆరింటికి లేవాలి, కనుక రాత్రి తొమ్మిదికి నిద్రపోవాలి, అందుకు ఎనిమిదికే మంచమెక్కాలి. లెక్క సరిగ్గానే ఉంది. పిల్ల మాత్రం ఆ లెక్కలో లేదు. ఎనిమిదికి మంచమెక్కి పన్నెండు దాకా దొర్లేది.

మా ఆయనకు ఒక అక్క ఉండేది, ఇచ్చోడలో. నాకు వదిన. పొలం, పశువులు, పెద్ద కుటుంబం, అన్నీ ఆమె మాట మీద నడిచేవి. ఆమె గసగసాలు పంపింది, తలకు పెట్టమని నూనె పంపింది, ఒక తాయెత్తు కూడా పంపింది. ఏవీ పనిచేయకపోయేసరికి తమ్ముడికి కబురు చేసింది. 1986 దసరా వెళ్లాక వచ్చిన క్యాసెట్‌లో ఆయన ఆ సంగతే మాట్లాడారు. ఏడో తరగతి కాగానే పిల్లను కరీంనగర్‌లో హాస్టల్లో వేద్దామని, అక్కడ గంట కొడితే పడుకోవాలి, గంట కొడితే లేవాలి కనుక దారికొస్తుందని, ఎండాకాలం సెలవుకు వచ్చినప్పుడు తనే తీసుకుపోయి దింపుతానని. ఆ క్యాసెట్‌ను ముందు విన్నది నేను కాదు, మా అమ్మాయి. బడి నుంచి నేను వచ్చేసరికి టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ఉంది.

"హాస్టల్ల బాపు క్యాసెట్లు ఇననిస్తరా అవ్వా?" అని అడిగింది.

క్యాసెట్ తీసి పెట్టెలో పెట్టాను. ఆయన అక్కడ, ఆమె కరీంనగర్‌లో, నేను ఇక్కడ. ముగ్గురికి మూడు ఊళ్లు. ఆ ఇంట్లో నేనూ ఆ మంచమూ మిగులుతాము.

సంక్రాంతి సెలవులు అయిపోగానే ఆమెను కరీంనగర్ తీసుకుపోయాను. అక్కడ పిల్లల డాక్టరమ్మ ఒకరు కొత్తగా దవాఖానా పెట్టారని, బెంగళూరులో చదివి వచ్చారని తోటి టీచర్లు చెప్పారు. పొగమంచులో బస్సు. గోదావరి దాటేటప్పుడు నీళ్లు కనిపించలేదు, నీళ్లు ఉండాల్సిన చోట తెల్లటి ఆవిరి మాత్రమే. పెద్దపల్లి దగ్గర యాసంగి నాట్లు వేస్తున్నారు. మడుల్లో ఆకాశం నిలబడి ఉంది. నా భుజం మీద తల పెట్టి, ఆ కుదుపుల్లో, ఆ హారన్ల మధ్య మా అమ్మాయి ఆదమరిచి నిద్రపోయింది.

డాక్టరమ్మ ఏమీ అడగకుండా చాలాసేపు ఆమెను చూస్తూ కూర్చున్నారు. అంతలో మా అమ్మాయి బరువు తూచే మిషను ఎక్కి దిగింది, బల్ల మీది టార్చిలైటు మూత విప్పింది, గోడ మీది బొమ్మలో ఎముకలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేసింది. బస్సులో నిద్రపోయిందా అని డాక్టరమ్మ నన్ను అడిగారు. పోయిందన్నాను. ఇంట్లో మంచం మీద ఏమేం చేస్తుందని అడిగారు. తింటుంది, రాస్తుంది, గవ్వలాడుతుంది, జడ వేయించుకుంటుంది, క్యాసెట్ వింటుంది, అలిగితే అక్కడే బోర్లా పడుకుంటుంది అని వరసగా చెప్పాను.

"అన్నీ చెప్పిన్రు టీచర్ గారూ, నిద్ర మాటనే రాలే" అన్నారు డాక్టరమ్మ.

తర్వాత చాలాసేపు నెమ్మదిగా వివరించారు. పిల్ల తెలివికి లోటు లేదు, ఆమె మెదడు తీరే అంత, సందడి ఆపుకోవడం దానికి కష్టం. ఇన్నేళ్లుగా ఆ మంచం మీద ఆమె నేర్చుకున్నది మెలకువగా ఉండటమే. ఇప్పుడు అది మరిచిపోవాలి. మంచం నిద్రకు తప్ప ఇంక దేనికీ ఉండకూడదు. కళ్ల మీదికి నిద్ర వచ్చాకే మంచం వాల్చాలి, అప్పటిదాకా ఇంట్లో మంచమే లేనట్టు ఉండాలి. పడుకున్నాక నిద్ర రాకపోతే లేచి వచ్చి, మసక వెలుతురులో చేతులతో ఏదో విసుగు పుట్టే పని చేసి, కళ్లు వాలినప్పుడు మళ్లీ పోవాలి. ఎప్పుడు పడుకున్నా సరే, ఆదివారమైనా సరే, పొద్దున ఒకటే సమయానికి లేపి ఎండలో నిలబెట్టాలి. పగటి నిద్ర వద్దు. ఎనిమిదికి పడుకోబెట్టడం మానేసి, ఆమెకు నిజంగా నిద్ర పట్టే వేళకే, అంటే పదకొండు దాటాకే మంచం చూపించాలి. అది కుదిరాక కొద్దికొద్దిగా ముందుకు జరపాలి.

తక్కువసేపు పడుకోబెడితే నిద్ర ఎక్కువ ఎట్లా అవుతుందని అడిగాను. ఆవిడ నవ్వి, ఈ లెక్క కాగితం మీద తేలదు, ఇంట్లో చేసి చూడమన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఇట్లాంటి పిల్లలకు నోటితో చెప్పింది నిలవదు, ఒక పని ఇంకో పనిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేటట్టు రోజూ అదే వరస పెట్టాలని. క్యాసెట్ సంగతి ఆఖర్న వచ్చింది. మా అమ్మాయి టార్చిలైటు కింద పెట్టేసి వింటోంది. దిండు దగ్గర టేప్‌రికార్డర్ వద్దు అన్నారు డాక్టరమ్మ. కానీ పడుకోవడానికి ముందు కుర్చీలో కూర్చుని, తలకాయలో అంగడి ఎంత ఉంటే అంత, వాళ్ల బాపుకు చెప్పి ఆ టేపులో పోసేయమన్నారు.

ఇంటికి వచ్చి మంచాన్ని నడిమింట్లో గోడకు నిలబెట్టాను. సాయంత్రాలకు ఒక వరస ఏర్పడింది. అన్నం తిన్నాక నీళ్ల గోలెం దగ్గర కాళ్లు కడుక్కోవడం. కాళ్లు తడిగా ఉండగానే వచ్చి నా ముందు కూర్చుంటే జడ. జడ కాగానే కరెంటు బల్బు ఆర్పి కందిలి ముట్టించడం. కందిలి వెలుగులో గడప దగ్గర కుర్చీ, ఒళ్లో టేప్‌రికార్డర్. అది అయ్యాక చాప మీద మక్క కంకులు ఒలవడం. పొలంలో మా వాటాకు వచ్చిన మక్కలు గంపల నిండా ఉండేవి. ఎండిన మొక్కజొన్న గింజలు బొటనవేలి కింద రాలుతుంటే వాన మొదలయ్యే ముందు రేకుల మీద పడే చినుకుల్లా ఉండేది. కందిలి పసుపు, మక్కల పసుపు, ఆమె ముఖం మీద పడే పసుపు, మూడూ ఒకటే అయ్యేవి. ఆ రాత్రులు తలచుకుంటే నాకు కాలం తేనెలా చిక్కబడినట్టు ఉంటుంది.

అంత తీయగా ఏమీ సాగలేదు, నిజం చెప్పాలి. మొదట్లో ఇంకా అధ్వాన్నమైంది. చాప మీద కళ్లు వాల్చేది, మంచం వాల్చగానే కళ్లు తెరిచేది. మళ్లీ చాప, మళ్లీ మక్కలు. పొద్దున లేపి వాకిట్లో ఎండలో నిలబెడితే, ఏడుస్తూ నిలబడేది. నువ్వు నా మంచం గుంజుకున్నవని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. బడిలో మధ్యాహ్నం గంటకు తల వాలిపోతుంటే కిటికీ పక్క బెంచీకి మార్పించి, గాలి తగిలేటట్టు చూశాను. క్యాలెండర్ గడుల్లో పట్టిన నిద్రకు గుండ్రం, పట్టని రాత్రికి గీత పెట్టేదాన్ని. జనవరిలో అన్నీ గీతలే. మాఘం వెళ్లేసరికి గుండ్రాలు అక్కడొకటి ఇక్కడొకటి కనపడ్డాయి.

హోలీ దగ్గరపడ్డప్పుడు వదిన ఇచ్చోడ నుంచి వచ్చింది, ఒక మూట జొన్నలతో. హాస్టల్‌కు పిల్ల బట్టలు కుట్టించడానికి వచ్చానని చెప్పింది. బస్సులో నడుములు పడిపోయి ఉన్నాయి. నేను చెంబుతో నీళ్లిచ్చి కుర్చీ జరిపాను. ఆమె కూర్చోలేదు. గోడకు నిలబెట్టిన మంచం వైపు చూసింది, నా వైపు చూసింది. డాక్టరమ్మ మాట చెప్పాను. విన్నది.

"ఇంటికొచ్చిన ఆడిబిడ్డకు మంచం వాల్చని ఇల్లు నేనెక్కడ జూడలే" అంది. "పంతులమ్మకు మనుషులకన్న మంచమే ఎక్కువైందా?"

ఆమె తప్పు ఏమీ లేదు. మా దగ్గర మంచం వాల్చకపోవడమంటే మళ్లీ రావద్దని చెప్పడమే. నా చెయ్యి మంచం పట్టె మీదికి పోయింది కూడా. ఇంతలో మా అమ్మాయి లోపలి నుంచి వచ్చి నాకూ మంచానికీ మధ్య నిలబడింది.

"అది నిద్ర మంచం అత్తా. నువ్వు కూసుంటే నీ ముచ్చట్లన్ని నవారుకు అంటుకుంటయి. రాత్రి నాకే ఇనవడ్తయి" అంది.

వదిన ముఖం గట్టిగానే పెట్టుకోవాలని చూసింది, పెదవి మాట వినలేదు. గొణుక్కుంటూ చాప మీద కూర్చుంది. ఆ రాత్రి కందిలి ముందు తనూ ఒక గంప ముందేసుకుని మక్కలు ఒలిచింది. మా అమ్మాయి గడప దగ్గర కుర్చీలో వాళ్ల బాపుకు ఆ రోజు చిట్టా అంతా అప్పజెప్పుతుంటే వదిన చేతులు ఆగిపోయాయి. చిన్నప్పుడు తమ్ముడు కూడా ఇట్లనే ఉండేవాడని మెల్లగా నాతో చెప్పింది. అర్ధరాత్రి లేచి ఒక్కడే ఏటి గడ్డకు పోయేవాడట. వాళ్లవ్వ, అంటే మా అత్తగారు, తన కొంగు అతని కాలికి ముడేసుకుని పడుకునేదట.

"గా కొంగు ఇడ్చినప్పటి సంది వాడు ఎక్కడ పండుకున్నడో నాకు తెల్వది" అంది వదిన.

నాకు ఆయన సెలవు రాత్రులు గుర్తొచ్చాయి. నిద్రలో చెయ్యి చాపితే పక్కన ఎవరూ ఉండేవారు కారు, వాకిట్లో బీడీ నిప్పు ఒకటి అటూ ఇటూ తిరుగుతుండేది. ఉక్కపోత అనుకునేదాన్ని.

వదిన వారం రోజులుంది. చాప మీదే పడుకుంది. ఉన్నన్నాళ్లూ వచ్చినవాళ్లకు, మా పంతులమ్మ ఇంట్ల మంచానికి మడి అని చెప్పి నవ్వించింది. పోయే ముందు అటక మీది పాత మంచం కోళ్లు దింపించి, నులక తెప్పించి, దగ్గర కూర్చుని అల్లించింది. దాన్ని వాకిట్లో వాల్చి, తనే మొదట కూర్చుని, ఇగ ఇది చుట్టాల మంచం, అది బిడ్డ మంచం అని తేల్చింది. హాస్టల్ బట్టల మాట మళ్లీ ఎత్తలేదు, కానీ తమ్ముడు చెప్పాల్సిన మాట తమ్ముడే చెప్పాలి అనేసి బస్సెక్కింది.

ఉగాదికి ముందు మా వాడకట్టు మనిషొకరు మస్కట్ తిరిగి పోతున్నారు. మా జవాబు క్యాసెట్ ఆ మనిషి చేతికి ఇవ్వాలి. నేను మనసులో నా వాదన సిద్ధం చేసుకున్నాను. క్యాలెండర్‌లో గుండ్రాలెన్ని, గీతలెన్ని, జనవరికీ మార్చికీ తేడా ఎంత, హాస్టల్ ఎందుకు వద్దో ఒకదాని తర్వాత ఒకటి. రెండో వైపు ఆఖర్న కొంత టేపు నాకు మిగల్చమని అమ్మాయికి చెప్పి ఉంచాను.

ఆఖరి రోజు సాయంత్రం చిన్న వాన పడింది. వాకిలి తడి వాసన, గోదావరి దిక్కు నుంచి గాలి, కందిలి చుట్టూ ఉసిళ్లు. కుర్చీలో కూర్చుని ఆమె ఎప్పటిలాగే దూకుతూ మాట్లాడటం మొదలుపెట్టింది. నేను జడకు వాడిన రిబ్బన్లు చుట్టుకుంటూ వింటున్నాను. మాటల మధ్య ఖాళీలు పెరిగాయి. గోదావరి అడుగున ఇంకో గోదావరి ఉంటుందేమో బాపూ అని ఒక మాట ఎత్తుకుంది. దానికి కొస రాలేదు. తల చూస్తే భుజం మీదికి వాలింది.

టేపు ఆపాలని తోచలేదు నాకు. మంచం వాల్చాను. ఆమె ఒళ్లోని టేప్‌రికార్డర్ నేను అందుకుని, లే బిడ్డా అంటే లేచి, కళ్లు తెరవకుండానే మంచం దాకా నడిచి ఒరిగిపోయింది. ఈసారి కళ్లు తెరుచుకోలేదు. గడప దగ్గర కుర్చీ మీద పెట్టిన టేప్‌రికార్డర్ ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, చక్రాలు రెండూ తిరుగుతూనే ఉన్నాయి. నేను చాప మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచిన చప్పుడుకు కూడా ఆమె కదలలేదు.

తెల్లారి ఇచ్చేముందు ఒకసారి విన్నాను. ఆమె మాట ఆగిపోయాక మంచం కోళ్లు నేలకు తగిలిన చప్పుడు, నవారు సాగిన చప్పుడు. చూరు నీళ్లు. ఎక్కడో పోతున్న లారీ. ఆ తర్వాత అన్నిటి కింద నుంచి, ముందు వినబడక, తర్వాత అదొక్కటే వినబడుతూ, ఊపిరి. నా వాదనకు చోటు మిగలలేదు. చెరిపి నా అంకెలు చెప్పవచ్చు. మంచం పక్కన నిలబడి కాసేపు ఆలోచించి, క్యాసెట్‌ను అట్లాగే పెట్టెలో పెట్టి ఇచ్చేశాను.

దానికి జవాబు రాలేదు. పరీక్షలు అయిపోయాయి. లెక్కల్లో ముప్పై తొమ్మిది వచ్చాయి, లెక్కల టీచరు కూతురికి. పరీక్షకు మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యంగా పోలేదు. పెన్నులు రెండు పోయాయి. నేను ఆమె బట్టలు రెండుసార్లు ఉతికి మడతపెట్టాను, హాస్టల్‌కేమో అని ఒకసారి, కాదులే అని ఒకసారి.

మే నెలలో ఆయనే వచ్చారు. వాకిట్లో నులక మంచం చూసి దాని మీద కూర్చున్నారు. పగలంతా చుట్టాలు, బంధువులు, సెంటు సీసాలు, సబ్బులు. హాస్టల్ మాట ఆయన ఎత్తలేదు, నేను ఎత్తలేదు. పొద్దుగూకి అందరూ పోయాక మా అమ్మాయి ఆయనకు మా ఇంటి వరస నేర్పింది. గోలెం దగ్గర కాళ్లు కడిగించింది. జడ లేదు కనుక తల దువ్వింది. కందిలి ముట్టించి, చాప మీద కూర్చోబెట్టి, మక్క కంకి ఎట్లా పట్టుకోవాలో చూపించింది. ఆ కాలానికి మక్కలు అడుగంటి ఉన్నాయి. ముగ్గురం ఒక గంప చుట్టూ చేరాము. కరెంటు పనికి అలవాటుపడ్డ ఆయన వేళ్లు గింజల మీద నెమ్మదిగా కదులుతుంటే, ఆ మనిషి అంతసేపు ఒకచోట కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

అమ్మాయి మధ్యలో ఆవలించింది. కంకి పక్కన పెట్టి, లేచి, తనే మంచం వాల్చుకుని పడుకుంది. కోళ్లు నేలను తాకిన చప్పుడుకు ఆయన తల ఎత్తారు. ఎక్కడో విన్న చప్పుడును గుర్తుపట్టినట్టు.

హాస్టల్ సంగతి ఏం చేద్దామని అప్పుడు అడిగాను, గొంతు తగ్గించి.

ఆయన చేతిలోని కంకి పూర్తిగా ఒలిచి, బెండు గంపలో వేసి, అక్కడ తమ గదిలో రోజూ రాత్రి ఆ క్యాసెట్ రెండో వైపు పెట్టుకుంటానని చెప్పారు. గదిలో మిగతావాళ్లు కూడా అలవాటుపడి, పెట్టకపోతే అడుగుతారట.

"మంచం వాల్చిన సప్పుడు దాక ఇంటున్న" అన్నారు. "గా తర్వాత ఏమున్నదో నాకు తెల్వది. ఆఖరుదాక ఎన్నడు ఇనలే."

కందిలి వత్తి తగ్గించాను. నడిమింట్లో మా అమ్మాయి ఊపిరి వినిపిస్తోంది. ఆయన గోడకు ఆనుకుని దాన్ని వింటూ ఉన్నారు. వింటూనే, ఒళ్లో మక్క గింజలతో, కళ్లు మూసుకున్నారు.